గేటు దగ్గర ఏడ్చిన తల్లి

సినిమా వ్యాపారంలో తెర వైపు చూసేవాడు బాగుపడడు. తెర మీద ఏముందో ఫిల్ము పెట్టె తెచ్చుకున్న రోజే తెలుసు. ఆ తర్వాత చూడవలసింది కుర్చీల్లో కూర్చున్నవాళ్ళను. ఎక్కడ దగ్గారు, ఎక్కడ బీడీకి లేచారు, ఎక్కడ చంటిపిల్ల ఏడ్చినా తల్లి బయటికి ఎత్తుకుపోలేదు, సరుకు సత్తా అక్కడ తేలుతుంది. ప్రొద్దుటూరులో ఒక థియేటరు, జమ్మలమడుగులో ఒక థియేటరు లీజుకు నడిపే యల్లయ్య ఈ సూత్రం పట్టుకునే పైకొచ్చాడు. ఆట మొదలయ్యాక తెర పక్కనున్న చిన్న తలుపు దగ్గర చీకట్లో నిలబడి, తెరకు వీపు పెట్టి జనాన్ని చూసేవాడు.

అలా చూస్తుండగానే, జమ్మలమడుగులో ఒక ఉదయం ఆటలో, అతనికి కరుణ కనపడింది.

ఆడుతున్నది పిల్లల సినిమా. పోస్టరు మీద పేరు ఏదైనా ఊళ్ళో అందరూ దాన్ని బోర్డింగు సినిమా అనేవాళ్ళు. కొండల్లో ఉన్న బోర్డింగు స్కూల్లో ఒక పల్లెటూరి పిల్లవాణ్ణి చేర్పించి అమ్మానాన్నలు వెళ్ళిపోతారు. వాడు ఏడుస్తాడు, అలుగుతాడు, స్నేహితులను సంపాదిస్తాడు. చివరికి ఆ బడే వాడి ఇల్లవుతుంది. అంతే కథ. హీరో లేడు, ఫైటు లేదు. జీపులు దుమ్ము లేపకపోతే సినిమా ఎట్లా ఆడుతుందని మేనేజరు వలి బాషా మొదటిరోజే తల పట్టుకున్నాడు.

అయినా సినిమా గురించి మాట్లాడనివాళ్ళు లేరు. తల్లులు రెండోసారి వచ్చి మొదటిసారి కంటే ఎక్కువ ఏడ్చారు. ఇది చూస్తే పిల్లలు బడికి పోమంటారని తండ్రులు సణిగారు. క్రమశిక్షణ చూపించలేదని అయ్యవార్లు అన్నారు. ఇంతలో జమ్మలమడుగులో ఒక పార్టీ నాయకుడు సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నాడని వార్త పుట్టింది. మరునాటికి రెండో పార్టీవాళ్ళంతా, చూడకుండానే, సినిమా బాగాలేదని తేల్చేశారు. పులివెందులలో ఇది తిరగబడింది. అక్కడ మెచ్చుకున్నవాడు ఆ రెండో పార్టీవాడు. సినిమా ఎట్లుందని అడిగితే, అడిగినవాడి జెండా ఏదో చూసుకొని జవాబు చెప్పే రోజులవి.

ఆ ఉదయం ఆట ఒక బోర్డింగు బడి పిల్లల కోసం వేసింది. నీలం నిక్కర్లు, నీలం గౌన్లు వరసగా వచ్చి కూర్చున్నాయి. ఇంటర్వెల్ తర్వాత వచ్చే గేటు సీను అందరికీ తెలిసిందే. జోరువానలో తల్లి క్యారియరు పట్టుకొని వస్తుంది. గేటు తీయరు. ఊచలు పట్టుకొని కొడుకు పేరు పిలుస్తూ గొంతు పగిలేలా ఏడుస్తుంది. రాతిగుండె ఆసాములు కూడా అక్కడ తువ్వాలు వెతుక్కునేవాళ్ళు. హాలంతా ముక్కులు ఎగబీలుస్తుంటే, మూడో వరసలో ఒక టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

యల్లయ్య ఎన్నో ముఖాలు చూశాడు. ఇలాంటి ముఖం చూడలేదు. తెర మీది వాన వెలుగు ఆమె చెంపల మీద జారుతోంది. వెండి చుక్కలు ఆమె కళ్ళలోకి దిగి, అక్కడ కరగకుండా నిలిచినట్టున్నాయి. ఆ కాసేపు హాలులో ఎవరు దగ్గారో, ఎవరు లేచారో అతనికి తెలియలేదు. వ్యాపారం మొదలుపెట్టాక లెక్క తప్పడం అదే మొదలు.

ఆట వదిలాక మెట్ల దగ్గర ఆపాడు.

"టీచరమ్మా, ఒక మాట. అందరూ ఏడ్చే కాడ మీరు నవ్వినారు. ఎందుకని?"

"టికెట్టు మీద ఏడవాలని రాసినారా?"

"లేదు. నా సరుకు గదా. యాడ తేడా ఉందో తెలుసుకుంటాండా."

"తేడా ఆ తల్లి కాడ ఉంది. ఏ తల్లీ అట్ల రాదు."

"ఏ తల్లీ ఎట్ల గూడ రాదు," అన్నాడు యల్లయ్య. "పిల్లోణ్ణి గేటు లోపల పారేసినాక మళ్ళా ఎవురు వస్తారు? హాస్టలంటే వదిలించుకునే తావు."

ఆమె నవ్వు ఆరిపోయింది. తాను బోర్డింగులోనే పుట్టి పెరిగానని, తన తండ్రి దాసయ్య ఆ బడికి వార్డెనని, సినిమాలు అమ్ముకునేవాళ్ళు హాస్టళ్ళ గురించి తీర్పులు చెప్పొద్దని గట్టిగానే అంది. విలువైన సరుకును వీధిలో పెడతారా, గోడౌనులో పెడతారా అని అతని భాషలోనే అడిగింది. ఇంతకూ మీదే ఊరు అంది.

"వీరపునాయునిపల్లె," అన్నాడు యల్లయ్య.

అది అబద్ధం. అతని ఊరు పులివెందులకు అవతల ఉంది. తండ్రి చిన్నన్న గొర్రెలు కాచుకునేవాడు. కానీ ఊరు రెండు పార్టీలుగా చీలినప్పుడు, గొర్రెలు కాచుకునేవాడు కూడా ఏదో ఒక పక్కన నిలబడక తప్పలేదు. పగ పిల్లల దాకా వస్తుందని రెండు పక్కలవాళ్ళూ కొడుకులను దూరాలకు పంపేశారు. యల్లయ్యను బ్రహ్మంగారిమఠం పోయే దారిలో ఒక హాస్టల్లో వేశారు. అసలు ఊరి పేరు ఎవరికీ చెప్పొద్దని, వీరపునాయునిపల్లె అనాలని నేర్పించారు. తండ్రి పోయాడు. పగలు చల్లారాయి. నాలుక మాత్రం ఆ పాఠం మరచిపోలేదు. హాస్టల్లో ఉన్నన్నేళ్ళూ తల్లి ఒక్కసారి కూడా చూడటానికి రాలేదన్న సంగతిని అతనూ మరచిపోలేదు. ఆ సినిమాను నలుగురూ వద్దన్నా తెచ్చింది అందుకే. ఇవేవీ అతను ఆమెతో చెప్పలేదు. హాస్టలు పిల్లలు చెప్పరు.

తర్వాత జరిగింది వలి బాషాకు బొత్తిగా అర్థం కాలేదు. ప్రొద్దుటూరులో బాగానే ఆడుతున్న సినిమాను చూసుకోవడం మాని, కుర్చీలు ఖాళీగా ఉన్న జమ్మలమడుగుకు యజమాని మాటిమాటికీ పోతున్నాడు. పబ్లిక్ టాక్ కనుక్కోవాలంటాడు. పబ్లిక్ అంతా ఒక్క టీచరమ్మేనా అని వలి బాషా అడిగితే, మంచి టాక్ ఎక్కడుంటే అక్కడికే పోవాలప్పా అంటాడు.

టాక్‌కు ఏం తక్కువ లేదు. బడి వదిలే వేళకు యల్లయ్య మోటారుసైకిలు ఎప్పుడూ ఆ దారిలోనే చెడిపోయేది. సినిమాలో వంటమనిషి మంచివాడా చెడ్డవాడా, పిల్లవాడు గోడ దూకడం తప్పా ఒప్పా, తండ్రి వెనక్కి తిరిగి చూడకుండా పోవడం ప్రేమా కాదా, అన్నిటి మీదా వాదించుకున్నారు. ఎన్ని మాట్లాడుకున్నా చివరికి గేటు సీను దగ్గరికే వచ్చేవాళ్ళు. తల్లి అట్లా రాదంటావు, మరి ఎట్లా వస్తుందో చెప్పవమ్మా అని అతను అడిగితే, బయటివాళ్ళకు చెప్పేది కాదని ఆమె మాట మార్చేసేది. కోపంగా విడిపోయేవాళ్ళు. మళ్ళీ కలవడానికి ఆ కోపమే సాకు.

బడి పిల్లలను గండికోటకు తీసుకుపోవాలని దాసయ్యకు ఎన్నాళ్ళుగానో ఉండేది. యల్లయ్య తన వ్యాను ఇచ్చి, తానే తోలుకొచ్చాడు. పిల్లలు కోటలో పరుగులు పెడుతుంటే ఇద్దరూ లోయ అంచున నిలబడ్డారు. అడుగున పెన్నమ్మ ఎవరో పారేసుకున్న పచ్చ రిబ్బనులా కదలకుండా పడి ఉంది. చిన్న తుంపర మొదలైంది. అవతలి కొండ ఉన్నట్టే ఉండి మాయమైంది. లోకమంతా చెరిగిపోయి, వాళ్ళు నిలబడిన ఎర్రరాయి ఒక్కటే మిగిలినట్టుంది. ఆమె కొంగు గాలికి వచ్చి అతని మోచేతిని తాకి, అక్కడే కాసేపు ఉండిపోయింది. ఇద్దరూ దాన్ని చూడనట్టే నిలబడ్డారు.

"కరుణా, నాకు తిప్పి తిప్పి చెప్పేది రాదు. లాభనష్టాలు చూసుకొని బతికినోణ్ణి. ఎట్ల చూసినా నువ్వు లేకుంటే నష్టమే అని తేలుతాంది."

"నేనేమన్నా సరుకునా?"

"సరుకైతే బేరమాడేటోణ్ణి. ఈడ చేతులు కట్టుకొని నిలబడినా."

ఆమె కొంగు లాక్కొని నడుముకు దోపుకుంది. ముందు మా నాయనను అడుగు, తర్వాత నా మాట నేను చెప్తా అంది. ఆ చివరి మాటలో చిన్న నవ్వు ఉందని అతనికి అనిపించింది. ఇంటికి వచ్చేదాకా వ్యాను ఏ దారిలో నడిచిందో అతనికి గుర్తులేదు.

దాసయ్య తలుపులు మూసుకునే మనిషి కాదు. నువ్వు గుడికి పోతావు, మేం చర్చికి పోతాం, అది మీరిద్దరూ తేల్చుకోండి, నాకు మాత్రం మీ ఇంటివాళ్ళ మంచిచెడ్డలు తెలియాలప్పా అన్నాడు. ఆపైన అడగవలసిందే అడిగాడు, మీదే ఊరని.

యల్లయ్య నోరు మెదడు కంటే ముందే వీరపునాయునిపల్లె అని పలికింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మొదటిరోజు కరుణతో చెప్పింది అబద్ధమవుతుంది. తీసుకోకపోతే ఇదీ అబద్ధమే. రెండు నష్టాల్లో చిన్నదేదో చూసుకొనేలోపల దాసయ్య వేరే మాటలోకి పోయాడు. రేపు నెమ్మదిగా చెప్పుకుందాంలే అనుకున్నాడు యల్లయ్య. రేపటి మీద పెట్టిన బేరం ఎప్పుడు నిలిచింది గనుక?

ఆ రేపు పొద్దున్నే దాసయ్య వీరపునాయునిపల్లె బస్సెక్కాడు.

సాయంత్రం ప్రొద్దుటూరులో వాన దంచుతోంది. థియేటరు వసారాలోకి కరుణ వచ్చింది. గొడుగు ఉంది గాని తెరవలేదు. లోపల మ్యాట్నీ నడుస్తోంది. గోడ అవతల జనం ఏదో సీనుకు నవ్వుతున్నారు.

"మా నాయన ఆ ఊర్లో ఇల్లిల్లూ తిరిగొచ్చినాడు. చిన్నన్న కొడుకు యల్లయ్య అంటే ఒక్కరికీ తెలీదు. ఎవురు నువ్వు?"

యల్లయ్య మెట్టు మీద కూర్చుండిపోయాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

"ఊరు ఇడిసిన నాడు లారీలో దారి పొడుగునా మా నాయన అదే చెప్పించినాడు. కునుకుతాంటే తట్టి లేపి, ఏ ఊరు అని అడిగేటోడు. వీరపునాయునిపల్లె అంటే ముద్దు పెట్టుకునేటోడు. అప్పుడు నాకు ఏడేండ్లు, కరుణా. ఇప్పటికీ ఎవురడిగినా అదే వస్తాంది."

వాన చూరు నుంచి తాళ్ళలా దిగుతోంది. ఆమె గొడుగు కింద పెట్టి, అదే మెట్టు మీద, కొంచెం దూరంగా కూర్చుంది.

"హాస్టలు పిల్లోనివా?" అంది. గొంతు మారింది. "నేనే కనుక్కోవాల్సింది. ఊరడిగితే మామూలోళ్ళు ఎందుకని ఎదురడుగుతారు. మా పిల్లోళ్ళే అట్ల టక్కుమని చెప్పేది."

అప్పుడు బయటివాళ్ళకు చెప్పని సంగతి చెప్పింది. వాళ్ళ బడికి చింతపండు గింజలు తీయడానికి ఆడవాళ్ళు వస్తారు. కూలి అడగరు. తలమీద ముసుగు తీయరు. వంటింటి కిటికీ దగ్గరే కూర్చుంటారు. పిల్లలు బువ్వకు వరసలో నిలబడతారు కదా, అందులో ఒకణ్ణి చూసుకొని, కళ్ళు నింపుకొని పోతారు. ఎవరి తల్లి ఎవరో వార్డెనుకు తెలుసు. పిల్లలకు తెలియదు. గేటు దగ్గరికి వచ్చి పేరు పెట్టి పిలిస్తే, పిల్లవాడు ఎక్కడున్నాడో పగవాళ్ళకు దారి చూపించినట్టే. సినిమా తీసినవాళ్ళకు ఈ సీమ తల్లులు తెలియరు, అందుకే నవ్వు వచ్చింది అంది.

"మా యమ్మ అట్ల గూడ రాలా. నేను వంటింట్లో ఎవురినీ చూడలా."

"అడిగినావా?"

అతను తల్లికి దుడ్లు పంపడం, చీర కొనివ్వడం, డాక్టరుకు చూపించడం అన్నీ చేశాడు. అది మాత్రం అడగలేదు. లేదంటే ఎట్లా అన్న భయం ఒకటి. అడగకుండా ఉన్నంతకాలం ఆ నష్టం ఇంకా ఖరారు కాలేదు కదా అన్నది రెండోది.

"అమ్మ మీద మంట కడుపులో పెట్టుకొని నాతో సంసారం ఎట్ల చేస్తావు? మా నాయనకు నీ ఊరి సంగతి నేను చెప్తా. మీ యమ్మను నువ్వు అడుగు. అడిగినాక నా మాట చెప్తా." గొడుగు తీసుకుని లేచింది. రెండడుగులు వేసి, ఆ గొడుగును అతని పక్కనే పెట్టి, వానలో తడుస్తూ బస్టాండు వైపు పోయింది. అతను ఆ గొడుగు తెరవకుండా చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు.

పులివెందుల అవతల పల్లెలో యల్లయ్య తల్లి బాలనాగమ్మ గొర్రెలూ మేకల మధ్య ఉంది. కొడుకు కారు దిగి గట్టు మీద నిలబడితే, ఒళ్ళు బాగుందా నాయనా అని అడిగి, మేకపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూ ఉండిపోయింది. అడగాలని వచ్చినవాడు అడగలేకపోయాడు. సినిమాకు పోదాం రామ్మా అన్నాడు. ఇంత దూరం వచ్చి కొడుకు ఏదో ఒకటి కావాలనడం ఆమెకు కొత్త. మందను తన తమ్ముడికి అప్పజెప్పి, కంబళి మడిచి భుజాన వేసుకొని కారెక్కింది.

యల్లయ్య కబురందుకొని ప్రొద్దుటూరులో థియేటరు ముందు దాసయ్య, కరుణ వచ్చి ఉన్నారు. దాసయ్య చేతులు జోడించి, తల్లీ మీదే ఊరని పలకరించాడు. వీరపునాయునిపల్లె అంది బాలనాగమ్మ, రెప్ప వేయకుండా. దాసయ్య ఒక్క క్షణం ఆగి, గట్టిగా నవ్వేశాడు. ఇంకొక బస్సు ఎక్కి విచారించవలసిన పని లేదని అతనికి అప్పుడే తేలిపోయింది. యల్లయ్యకే ఇంకా ఏమీ తేలలేదు.

ఆట మొదలైంది. బాలనాగమ్మ పక్కన కరుణ కూర్చుంది. యల్లయ్య ఎప్పటిలాగే తెర పక్కన నిలబడ్డాడు, తల్లి ముఖం చూస్తూ. గేటు సీను వచ్చింది. ముందువరసల్లో ముక్కులు ఎగబీల్చారు. బాలనాగమ్మ ఏడవలేదు. నవ్వలేదు. చిరాకుగా తల అటూ ఇటూ ఊపింది. కరుణ వంగి, సినిమా ఎట్లుందత్తా అని మెల్లగా అడగడం, తల్లి ఏదో అనడం కనపడింది. వినపడలేదు.

ఆట వదిలాక వసారాలో అతనే అడిగాడు. "ఏమన్నావమ్మా ఆ సీనుకు?"

"ఏమంటా? ఆ తల్లికి బుద్ధి లేదన్నా. అట్ల గేటు కాడికి పోయి పేరు పెట్టి అరుస్తారా? ఎవురన్నా చూస్తే పిల్లోడు బతుకుతాడా? ఏడుపొస్తే మింగాల. మేమంతా మింగలా?"

ఇన్నేళ్ళూ దాటవేసిన మాట ఇప్పుడు అడగక తప్పదు. "నువ్వు యాడ నిలబడినావమ్మా?"

బాలనాగమ్మ కొడుకు వైపు వింతగా చూసింది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"మంద తోలుకొని రాలా? కోతలైనాక ఏటేటా మీ హాస్టలు ఎనక చేన్లో ఎరువుకు మంద కట్టేటోళ్ళం. నేను కంబళి కప్పుకొని గొర్రెల్లో కూచునేదాన్ని. పిల్లోళ్ళంతా గోడెక్కి చూసేటోళ్ళు. నువ్వు రావు. గొర్రెల వాసన తగిలితే లోపలికి పరిగెత్తేటోనివి."

నిజమే. ఆ వాసన వస్తే ఇల్లు గుర్తొచ్చి, ఏడుపు ఎవరికీ కనపడకూడదని అతను దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకునేవాడు. గొర్రెలు అతనికి గుర్తున్నాయి. గొర్రెల మధ్య ఒక మనిషి ఉండేదని తెలియదు.

"ఒక ఏడు మాత్రం బయటికొచ్చినావు," అంది తల్లి. "ఏం కోపమో, రాయి తీసుకొని మంద మీదికి ఇసిరినావు. అప్పుడు చూసినా నీ మొగం, బాగా చూసినా."

"రాయి నీకు తగిలిందా?"

"తగిలింది లే, మోకాలికి. ఇంత దూరం ఇసిరినాడంటే పిల్లోనికి బువ్వ బాగా పెడతాండారు అనుకున్నా. ఆ ఏడంతా నిమ్మళంగా ఉన్నా."

యల్లయ్య తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె కాళ్ళను రెండు చేతులా పట్టుకున్నాడు. జనం పక్కనుంచి పోతున్నారు. వలి బాషా వాళ్ళను అటు తిరిగి పొమ్మంటున్నాడు. లేయ్ నాయనా, గుడ్డలు మాసిపోతాయి అంది బాలనాగమ్మ. కానీ ఆమె చెయ్యి మాత్రం అతని జుట్టులోనే ఉండిపోయింది.

దాసయ్య సంబంధం మాట ఎత్తాడు. మేం ఏసయ్యను కొలిచేవాళ్ళం, మీకు అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పమ్మా అన్నాడు.

"మా మంద ఎవురి చేన్లో పండుకోలేదు సామీ?" అంది బాలనాగమ్మ. "అన్ని కులాలోళ్ళూ పిలిచి కట్టించుకున్నారు. ఈ ఎరువు చేదని ఏ పంటా అనలా. పిల్ల బాగుంది. సినిమా చూసి ఏడవలా, నాకు అదే నచ్చింది."

అందరూ నవ్వారు. కరుణ నవ్వుతూనే కళ్ళు తుడుచుకొని, బాలనాగమ్మ భుజం మీంచి జారుతున్న కంబళిని సర్ది, యల్లయ్య వైపు చూడకుండా అడిగింది.

"అత్తా, మంద ఎప్పుడు కదులుతాది?"

"కోతలైనాక. ఎందుకమ్మీ?"

"ఆ లోపల్నే పెండ్లి పెట్టుకుంటే నువ్వు నిమ్మళంగా ఉంటావు గదా."

గండికోటలో తాను అడిగినదానికి ఆమె జవాబు అదేనని యల్లయ్యకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక, లేవడం కూడా మరచి, అక్కడే కింద కూర్చుని ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు బయట వాన లేదు. అయినా అతనికి అంతా తడిగానే కనపడింది.